మలేషియా పనికి వెళ్లేవాళ్లకు: డబ్బు కట్టే ముందు, విమానం ఎక్కే ముందు, దిగిన తర్వాత

"మలేషియాకి ఇప్పుడు వీసా అక్కర్లేదంట కదా, టికెట్ తీసుకుని వెళ్లిపోతే అక్కడేదో పని దొరకదా?" ఇచ్ఛాపురం, సోంపేట, కంచిలి, కవిటి వైపు నుంచి పదేపదే వచ్చే ప్రశ్న ఇది. దొరుకుతుంది. దొరికిన రోజు నుంచే మీరు అక్కడి చట్టం దృష్టిలో నేరస్తులు. 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులను వీసా లేకుండా రానిస్తున్నది 30 రోజులు చూసి రావడానికి మాత్రమే. 2026 డిసెంబరు 31 దాకా పొడిగించిన ఆ వెసులుబాటుకూ పనికీ ఏ సంబంధమూ లేదు. చూడ్డానికి వచ్చినట్టు దిగి పనిలో చేరి పట్టుబడితే జరిమానా, జైలు, ఆ తర్వాత మళ్లీ ఆ దేశం మొహం చూడకుండా నిషేధం.

కింద రాసినది వెల్డింగ్, ఫిట్టింగ్, తోట పని, హోటల్ పని, హెల్పర్ పని లాంటి వాటికి వెళ్లేవాళ్ల కోసం. వరస మార్చకండి. మోసపోయినవాళ్లలో చాలామంది అప్పు ముందు తెచ్చి, ఏజెంటు సంగతి తర్వాత చూసుకున్నవాళ్లే.

దగ్గర ఉండాల్సినవి

- కనీసం రెండేళ్ల గడువు మిగిలి ఉన్న పాస్‌పోర్ట్
- పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్. రెండింటి మీదా పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ పాస్‌పోర్ట్‌తో అక్షరం తేడా లేకుండా కలవాలి
- పని అనుభవం కాగితాలు, ఉంటే ఐటీఐ సర్టిఫికెట్
- పోలీస్ క్లియరెన్స్ అడిగితే దానికి 500 రూపాయలు
- మీ పేరు మీదే బ్యాంకు ఖాతా, దానికి కట్టిన ఫోన్ నంబరు
- ఇంట్లో ఒకరు: చదవడం వచ్చి, మీ కాగితాలన్నీ ఫోన్‌లో దాచి, అవసరమైతే నాలుగు ఆఫీసులకు ఫోన్ చేయగలిగిన మనిషి. ఈ చివరిది లేకుండా వెళ్లకండి.

1. పాస్‌పోర్ట్ చివరి పేజీ చూడండి

చిరునామా ఉన్న పేజీలో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అన్న ముద్ర ఉందా? ఉంటే పని వీసా మీద మలేషియా వెళ్లడానికి ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అధికారి అనుమతి తప్పనిసరి. ఈ అనుమతి కావాల్సిన 18 దేశాల్లో గల్ఫ్ దేశాలతో పాటు మలేషియా, థాయిలాండ్, ఇండోనేషియా కూడా ఉన్నాయి. ముద్ర లేకపోతే అనుమతి అక్కర్లేదు.

పదో తరగతి పాసై కూడా ముద్ర ఉన్న పాస్‌పోర్ట్‌తో తిరుగుతున్నవాళ్లు మన దగ్గర చాలామంది. సర్టిఫికెట్ పెట్టి మళ్లీ దరఖాస్తు చేస్తే ముద్ర లేని పాస్‌పోర్ట్ వస్తుంది. మామూలు ఫీజు 1,500, తత్కాల్ అయితే ఇంకో 2,000. శ్రీకాకుళం జిల్లా విశాఖ పాస్‌పోర్ట్ కార్యాలయం పరిధిలోదే.

2. ఏజెంటుకు లైసెన్స్ ఉందా, చూడండి

విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టర్డ్ రిక్రూటింగ్ ఏజెంట్ల జాబితా ఉంటుంది. చూడాల్సినవి మూడు. లైసెన్స్ 'యాక్టివ్' అని ఉందా? గడువు తేదీ దాటిపోలేదు కదా? అక్కడ రాసిన ఆఫీసు చిరునామా, మీరు డబ్బు కట్టబోయే చోటు ఒకటేనా?

మూడో దగ్గరే అందరూ జారిపోతారు. లైసెన్స్ నంబరు చూపిస్తారు, అది నిజమైనదే, కానీ వేరే ఊళ్లో వేరే సంస్థది. ఊళ్లోకి వచ్చి పాస్‌పోర్టులు పోగుచేసేవాడు "మాది ఆ కంపెనీకి బ్రాంచే" అంటాడు. పోర్టల్‌లో ఉన్న ఫోన్‌కి మీరే చేసి, ఫలానా మనిషి మీవాడేనా అని అడగండి. సబ్ ఏజెంటు అన్న మాటకు చట్టంలో చోటే లేదు.

లైసెన్స్ ఉన్న ఏజెంటు మీ దగ్గర తీసుకోగలిగిన సేవా రుసుం గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. అంతకుమించి అడిగితే దేనికో విడివిడిగా రాయించుకోండి. బ్యాంకు ద్వారానే కట్టండి, రసీదు తీసుకోండి. "రసీదు ఇస్తే టాక్స్ పడుద్ది బాబూ" అన్నాడంటే అక్కడితో లేచి వచ్చేయండి.

3. ఏ వీసా? కాగితం చూశాకే డబ్బు

మలేషియాలో పనికి దారులు రెండు. ఒకటి కార్మికుల పర్మిట్, దాన్ని పీఎల్‌కేఎస్ అంటారు. రెండోది ఎంప్లాయ్‌మెంట్ పాస్, పెద్ద జీతాల నిపుణులకు. ఈ రెండో దాంట్లో అట్టడుగు తరగతికి కూడా నెలకు కనీసం 3,000 రింగిట్ (మలేషియా డబ్బు) జీతం ఉండాలన్న షరతు ఉండేది, ఇప్పుడు దాన్ని ఇంకా పెంచుతున్నారు. కాబట్టి "జీతం 1,800, వీసా ఎంప్లాయ్‌మెంట్ పాస్" అని ఎవరైనా అంటే ఆ రెండు మాటల్లో ఒకటి అబద్ధం.

కార్మికుల పర్మిట్ ఇలా నడుస్తుంది: అక్కడి యజమాని ముందు తన ప్రభుత్వం దగ్గర అనుమతి తీసుకుంటాడు. ఇమిగ్రేషన్ శాఖ మీ పేరు, పాస్‌పోర్ట్ నంబరుతో వీసా విత్ రిఫరెన్స్ ఆమోదిస్తుంది. మనవాళ్లు 'కాలింగ్ వీసా' అనేది దీన్నే. ఆ కాగితంతో వీసా తీసుకుని వెళ్తారు. పర్మిట్ అక్కడ దిగి, వైద్య పరీక్ష పాసయ్యాకే చేతికొస్తుంది.

కాలింగ్ వీసా ప్రతి చేతిలోకి వచ్చినప్పుడు వేలు పెట్టి చదవండి: పాస్‌పోర్ట్ నంబరులో ప్రతి అంకె, యజమాని కంపెనీ పేరు, పని రంగం. తోట అని ఉంటే తోటలోనే, ఆ యజమాని దగ్గరే పనిచేయాలి. "ముందు ఇందులో దిగు, తర్వాత ఫ్యాక్టరీకి మారుస్తాం" అన్నది ఉత్త మాట, అలా మారితే పర్మిట్ చెల్లదు. కంపెనీ ఉందో లేదో మలేషియా కంపెనీల కమిషన్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఇప్పుడు ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరుకు 12 అంకెలు ఉంటాయి.

విమానాశ్రయంలో "పని అని చెప్పకు, విజిట్ అని చెప్పు" అని నేర్పిస్తున్నారా? ఇంకే తనిఖీ అక్కర్లేదు, అది మోసమే. విశాఖ నుంచి కాకుండా కోల్‌కతా, చెన్నై తిప్పి పంపినంత మాత్రాన అనుమానించక్కర్లేదు గానీ, ఎందుకని అడగండి.

ఇదే చోట ఇంకో మాట. మలేషియా అని మొదలుపెట్టి ఆఖరి నిమిషంలో థాయిలాండ్, కంబోడియా అంటూ 'కంప్యూటర్ ఆపరేటర్, డేటా ఎంట్రీ' ఉద్యోగం చూపిస్తే పూర్తిగా ఆగిపోండి. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం ఇలా మొదలైనదే. తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించారు.

4. జీతం లెక్క మీరే వేయండి

కాంట్రాక్టులో వెతకాల్సినవి: మూల జీతం ఎంత, వారానికి ఎన్ని గంటలు, ఏమేం కోస్తారు, తిరుగు టికెట్ ఎవరిది. "ఓవర్ టైంతో కలిపి 2,500" అన్న మాట మీద సంతకం పెట్టకండి. ఓవర్ టైం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మూల జీతం ఒక్కటే గ్యారంటీ.

మలేషియాలో కనీస వేతనం 2025 ఫిబ్రవరి 1 నుంచి నెలకు 1,700 రింగిట్. పని వారానికి 45 గంటలు. మామూలు రోజు ఓవర్ టైంకి గంటకు ఒకటిన్నర రెట్లు. లెక్క ఇలా:

1,700ని 26 రోజులతో భాగిస్తే రోజుకు 65.38. దాన్ని 8తో భాగిస్తే గంటకు 8.17. ఒకటిన్నర రెట్లు అంటే 12.26. రోజుకు రెండు గంటల చొప్పున 26 రోజులు చేస్తే 52 గంటలు, దాదాపు 637 రింగిట్ అదనం.

ఇక కోతలు. భవిష్య నిధికి 2 శాతం, అంటే 34 రింగిట్. 2025 అక్టోబరు నుంచి విదేశీ కార్మికులకూ ఇది పెట్టారు. పని ముగించి వచ్చేసేటప్పుడు వెనక్కి తీసుకోవచ్చు, మర్చిపోకండి. పెర్కెసో అనే సామాజిక భద్రత పథకానికి చిన్న మొత్తం, పది రింగిట్ అనుకోండి. గది ఇస్తే నెలకు 100 రింగిట్ దాకా కోయొచ్చు, అంతకుమించి కుదరదు. కలిసి వండుకుంటే తిండికి 400 నుంచి 500, ఫోన్‌కి 50. ఓవర్ టైం ఒక్క గంట లేకపోయినా చేతిలో మిగిలేది సుమారు 1,000 రింగిట్. రింగిట్ 20 రూపాయలు అనుకుంటే 20,000. బయల్దేరే రోజు మారకం రేటు చూసి మళ్లీ వేసుకోండి.

'లెవీ' పేరుతో జీతంలో కోస్తామంటే ఒప్పుకోకండి. విదేశీ కార్మికుడిని పెట్టుకున్నందుకు అక్కడి ప్రభుత్వానికి కట్టే రుసుం అది. ఫ్యాక్టరీ, నిర్మాణ, సేవా రంగాల్లో ఏడాదికి 1,850 రింగిట్, తోటల్లో 640. 2018 నుంచి అది యజమాని కట్టుకోవాల్సిందే.

5. అప్పు లెక్క

పైన తేలిన 20,000ని పట్టుకుని ఇది వేయండి. మూడు రూపాయల వడ్డీకి లక్షన్నర తెచ్చారు. నెలకు వడ్డీయే 4,500. పంపిన 20,000 మొత్తం అప్పుకే పోతే తీరడానికి తొమ్మిది నెలలు. ఆ తొమ్మిది నెలలూ ఇంట్లో బియ్యం దేంతో కొంటారు? అదే రెండున్నర లక్షలైతే పదహారు నెలలు. రెండేళ్ల కాంట్రాక్టులో మీకు మిగిలేది ఎనిమిది నెలల సంపాదన. ఈ లెక్క ఇంట్లో అందరి ముందూ కాగితం మీద వేయండి. చాలా ప్రయాణాలు ఇక్కడే ఆగుతాయి, ఆగితే మంచిదే.

డ్వాక్రా రుణం, బంగారం తాకట్టు ఏదైనా మూడు రూపాయల వడ్డీ కన్నా నయం. భూమి మాత్రం పెట్టకండి.

6. ఒళ్లు ఒప్పుకుంటుందా? ఉద్దానం వాళ్లు ఇది రెండుసార్లు చదవండి

మలేషియా కోసం వైద్య పరీక్ష రెండుసార్లు. ఒకటి ఇక్కడ, గుర్తించిన కేంద్రంలో. రెండోది అక్కడ దిగిన 30 రోజుల్లోపు, ఫోమెమా అంటారు. క్షయ, హెపటైటిస్ బి, మత్తుమందుల ఆనవాళ్లు లాంటివి తేలితే తిప్పి పంపేస్తారు. కట్టిన డబ్బు రాదు. అందుకే ఇక్కడి పరీక్షలో 'మేనేజ్ చేస్తాం' అన్నవాడు మీకు మేలు చేయట్లేదు. మీ డబ్బుతో మిమ్మల్నే ముంచుతున్నాడు.

ఆ పరీక్షల సంగతి అలా ఉంచి, మీరు సొంతంగా చేయించుకోవాల్సినవి రెండున్నాయి: రక్తంలో సీరమ్ క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల వాళ్లకు కారణం వేరే చెప్పక్కర్లేదు. ఉద్దానం కిడ్నీ జబ్బు మొదట్లో నొప్పి లేకుండా నడుస్తుంది. లోపల అది ఉండి, రోజంతా చెమటోడ్చే పనికి వెళ్తే బేగి ముదురుతుంది. రిపోర్టులో రాసిన హద్దు దాటి ఉంటే డాక్టరు సరే అనేదాకా డబ్బు కట్టకండి.

అక్కడి వాతావరణం గురించి ఒక భ్రమ ఉంది. "మన రోహిణి కార్తె ఎండకి 42 చూసినవాళ్లం, అక్కడ 33 డిగ్రీలేగా" అంటారు. కౌలాలంపూర్ భూమధ్యరేఖకు మూడు డిగ్రీల దూరంలో ఉంది. ఏడాది పొడుగునా పగలు 32, 33, రాత్రి 24. గాలి నిండా తడి. చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. మన మే నెల ఉక్కపోతను పన్నెండు నెలలకు సాగదీస్తే ఎలా ఉంటుందో అది.

ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మొదటి రోజే పూర్తి పని ఎత్తుకోకండి. పనిలో ఉన్నంతసేపు పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు నీళ్లు, దాహం వేసినా వేయకపోయినా. సరిపోతోందా అని చూసుకునే పద్ధతి చాలా తేలిక: మూత్రం లేత పసుపులో ఉండాలి. ఆవనూనె రంగుకొస్తే నీళ్లు తక్కువైనట్టు. టీ రంగుకొస్తే పని ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ బిళ్లలు రోజూ మింగే అలవాటు మనవాళ్లకు ఎక్కువ. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు అవి కిడ్నీని దెబ్బతీస్తాయి.

జ్వరం వస్తే పారాసెటమాల్ తప్ప ఇంకేదీ వద్దు. అక్కడ డెంగీ ఏడాదంతా ఉంటుంది. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకుంటే రక్తస్రావం ముప్పు. తోటల్లో పనిచేసేవాళ్లకు ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి లెప్టోస్పైరోసిస్ సోకుతుంది. కాళ్లకు గాయం ఉంటే బూట్లు లేకుండా బురదలో దిగకండి.

7. అనుమతి, బీమా

ఈసీఆర్ పాస్‌పోర్ట్ అయితే ఈ-మైగ్రేట్‌లో దరఖాస్తు, ప్రభుత్వ రుసుం 200. ప్రవాసీ భారతీయ బీమా యోజన రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే ఇంటికి పది లక్షలు. పాలసీ కాగితంలో నామినీ పేరు సరిగ్గా ఉందో లేదో మీ కళ్లతో చూడండి. ఏజెంటు తొందరలో నామినీ గడిలో ఏదో ఒకటి నింపేస్తాడు.

8. సంచిలో ఏముండకూడదు

"మా తమ్ముడికి ఇచ్చెయ్యి" అని ఎవరు ఏ పొట్లం ఇచ్చినా తీసుకోవద్దు, చుట్టమైనా సరే. మలేషియాలో 200 గ్రాముల గంజాయి దగ్గర ఉంటే అమ్మడానికే అని చట్టం లెక్కేస్తుంది. సంచి ఎవరిదో తర్వాత ఎవరూ వినరు. మాంసం, చేపలు, మొక్కలు, విత్తనాలకు అక్కడ అనుమతి కావాలి, ఎండు చేపలు ఇంట్లోనే వదిలేయండి. సింగపూర్ మీదుగా వెళ్తే గసగసాలు కూడా తీసేయాలి, అక్కడ అవి నిషేధం. మీరు వాడే మందులు డాక్టరు చీటీతో, అసలు అట్టల్లోనే ఉంచండి.

ఉండాల్సినవి మరి? గొంగళి, స్వెటర్ అక్కర్లేదు. నూలు బట్టలు, ఆరబెట్టుకోవడానికి నైలాన్ తాడు, మంచి బూట్లు, తడి ఆరని వేళ్ల సందులకు ఫంగస్ పౌడరు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇరవై.

భారత సిమ్ పారేయకండి. బ్యాంకు ఓటీపీ దానికే వస్తుంది. రీచార్జి ఆగి నంబరు పోతే, ఇంటికి పంపిన మీ డబ్బు మీకే అందదు.

9. దిగిన రోజు, మొదటి నెల

బయల్దేరే ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. అది ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైట్ ఏదైనా దొంగదే.

విమానాశ్రయంలో పాస్‌పోర్ట్ మీద పడిన ముద్రను అక్కడే నిలబడి ఫోటో తీసి ఇంటికి పంపండి. కాలింగ్ వీసా మీద వచ్చి కూడా 30 రోజుల పర్యాటకుడి ముద్ర పడిందంటే ఎక్కడో తేడా కొట్టింది. కౌంటరు దాటకముందే అడగండి.

తర్వాత పాస్‌పోర్ట్. "భద్రంగా ఉంచుతాం" అని యజమాని తీసుకుంటాడు. మలేషియా పాస్‌పోర్టుల చట్టం ప్రకారం ఇంకొకరి పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోవడం నేరం. మొదటి రోజే పోట్లాడమని కాదు. పర్మిట్ పని మీద ఇస్తే రాసి ఇప్పించుకోండి, పని అయ్యాక అడిగి తీసుకోండి. జిరాక్సు, ఫోటోలు మీ దగ్గర, ఇంట్లో రెండు చోట్లా ఉండాలి.

మొదటి జీతం చీటీ వచ్చాక నాలుగు మలయ్ మాటలు గుర్తు పెట్టుకోండి. గాజి పొకొక్ అంటే మూల జీతం. కెర్జా లెబిహ్ మాసా, ఓవర్ టైం. పొటొంగన్, కోత. చుటి, సెలవు. నాలుగో మెట్టులో వేసిన లెక్క పక్కన పెట్టి కలపండి. పొటొంగన్ వరసలో మీకు తెలియని పేరు ఉంటే అడగండి. ఫ్యాక్టరీలో గోడ మీద 'బహాయా' అని కనిపిస్తే ప్రమాదమని. తమిళం నాలుగు ముక్కలు వచ్చినా చాలా పనులు నడుస్తాయి. తరాల క్రితం మన కళింగాంధ్ర నుంచి తోటల పనికి వెళ్లి స్థిరపడ్డవాళ్ల పిల్లలు ఇప్పటికీ తెలుగు మాట్లాడతారు, కౌలాలంపూర్‌లో తెలుగు సంఘం ఉంది.

ఎక్కువగా జరిగే తప్పులు

కాగితం రాకముందే ఉన్న పని మానేయడం. కాలింగ్ వీసా వారాల నుంచి నెలల దాకా పట్టొచ్చు, అప్పటిదాకా పని మానకండి, అప్పు తేకండి.

ఖాళీ కాగితం మీద, చదవని భాషలో ఉన్న కాగితం మీద సంతకం. ఇక్కడ ఒక కాంట్రాక్టు, అక్కడ దిగాక ఇంకొకటి చేతిలో పెడతారు. ఇక్కడిది ఫోటో తీసి ఉంచుకుంటేనే తేడా చూపించగలరు.

జీతం నచ్చలేదని రాత్రికి రాత్రి పారిపోవడం. అన్నిటికంటే ఖరీదైన తప్పు ఇదే. ఫిర్యాదు చేయాల్సింది మీరు, కానీ పారిపోయిన రోజున మీ మీదే ఫిర్యాదు పడుతుంది, పర్మిట్ రద్దవుతుంది. లోపల ఉండగానే కార్మిక శాఖకు, కౌలాలంపూర్‌లోని భారత హైకమిషన్‌కు చెప్పాలి. మీరు చెప్పలేకపోతే ఇంటి దగ్గర మనిషి విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయొచ్చు. ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రం నంబరు 1800 11 3090. ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ కూడా సాయం చేస్తుంది.

పర్మిట్ గడువు యజమాని చూసుకుంటాడులే అనుకోవడం. పాస్‌పోర్ట్‌లోనో ఆన్‌లైన్‌లోనో ఉన్న తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద రాయించి, మూడు నెలల ముందే అడగడం మొదలుపెట్టండి.

రెండు నెలలకు ఒకసారి సరిచూసుకోండి

పర్మిట్ మీద మీ పేరు, ఇప్పుడు పనిచేస్తున్న కంపెనీ పేరు ఉన్నాయా? పాస్‌పోర్ట్ ఎక్కడుంది? రెండు జీతం చీటీలు చేతిలో ఉన్నాయా, జీతం బ్యాంకులో పడుతోందా? భవిష్య నిధి ఖాతాలో రెండు నెలల జమ కనిపిస్తోందా? ఫోమెమా ఫలితం వచ్చిందా? ఇంటి అప్పులో అసలు ఎంత తగ్గింది?

వీటిలో ఏ ఒక్కదానికి "కనుక్కుంటాం" అన్న జవాబు రెండోసారి వచ్చినా, ఆ ఆదివారమే ఇంట్లో ఉన్న ఆ చదువుకున్న మనిషికి ఫోన్ చేయండి. అక్కడ రాత్రి తొమ్మిది అయితే ఇక్కడ సాయంత్రం ఆరున్నర.